లోటన్‌పుర్ కట్ట కింద లెక్క

లోటన్‌పుర్ కట్ట మీద చీకటి పడ్డాక మనిషన్నవాడు నిలబడడు. కుక్కలు కూడా నిలబడవంటారు గానీ, అది కుక్కలు చెప్పిన మాట కాదు, మనుషులు చెప్పిందే.

ఢిల్లీ దాటి ఫరీదాబాద్ వైపు వెళ్తుంటే, రెండు రాతిగుట్టల మధ్య అడ్డంగా పోసిన మట్టికట్ట అది. ముప్ఫై అడుగుల ఎత్తు. వెనక ఓ మోస్తరు చెరువంత నీళ్ళు. సర్కారుది కాదు, సాకేత్‌లో ఉండే ఒక సేఠ్‌ది. ఫామ్‌హౌస్ కిటికీలోంచి చూస్తే నీళ్ళు కనపడాలని ముచ్చటపడి పోయించుకున్నాడు. షికారుకి పడవ కూడా కొన్నాడు.

ఆ తరవాత మొదలైంది.

రాత్రి ఏడున్నరప్పుడు కట్ట కింద, తుమ్మచెట్ల చీకట్లోంచి ఒక ఆడగొంతు వినిపిస్తుందట. ఏడుపు కాదు. పాట కాదు. మంత్రం... ఒక్కో మాటా ఆగి, ఆగి. ఏ భాషో ఎవరికీ అంతుపట్టలేదు. హిందీ కాదు, హర్యానా మాట కాదు, పంజాబీ కాదు. కాసేపు నడిచి టక్కున ఆగిపోతుంది. మళ్ళీ మొదటినుంచి ఎత్తుకుంటుంది.

అసలు భయం అది కూడా కాదు. ఆ మంత్రం ఏటికేడాదీ కురచైపోతోందట. మొదటి ఏడు ఒక బీడీ పూర్తిగా కాల్చేంతసేపు సాగేది. మరుసటేడు సగం బీడీ. ఇప్పుడు నాలుగు దమ్ములు పీల్చేలోగా అయిపోతోంది.

"మొత్తం అయిపోయిన రోజున... అది పైకొస్తుంది" అని కాపలావాళ్ళు గుసగుసలాడుకునేవారు. ముగ్గురు ఉద్యోగం మానేశారు. సేఠ్ పడవని ఒడ్డున బోర్లించేసి, సాయంత్రం అయిదు కొడితే చాలు, కారెక్కి సాకేత్ వెళ్ళిపోయేవాడు.

శేషగిరికి ఆ కట్ట దగ్గర జరిగింది రెండువేల ఎనిమిది ఆగస్టులో. జనక్‌పురిలో తెలుగువాళ్ళ భోజనాల్లో ఎవరైనా అడిగితే ఇప్పటికీ చెప్తాడు. అయితే తన ధైర్యం ఏపాటిదో ముందే చెప్పి మరీ మొదలుపెడతాడు. "మా బాత్రూంలో బల్లి కనపడితే, మా ఆవిడ ఛాయాదేవి వచ్చి తరిమేదాకా నేను ఆఫీసుకి లేటు. అది మనసులో పెట్టుకుని వినండి."

ఊరు తుని దగ్గర. ఉద్యోగం, ఆనకట్టల సంగతి చూసే ఒక ఢిల్లీ ఆఫీసులో. ప్రైవేటువాళ్ళ చిన్నచిన్న మట్టికట్టలకి ఏటా హజార్డ్ రేటింగ్ ఇవ్వడం అతని పని. పేరు వింటే, కట్ట గట్టిదా మెత్తదా అని చూస్తారేమో అనిపిస్తుంది. కాదు. కట్ట తెగితే కింద ఎంతమంది పోతారు — అదీ రేటింగ్. కింద ఎవరూ లేకపోతే 'లో'. మనుషులుంటే 'హై'. 'హై' అని రాస్తే పెద్ద ఇంజనీర్లు దిగి, కట్టని పరీక్షించి, యజమాని మెడలు వంచి బాగుచేయిస్తారు. 'లో' అని రాస్తే ఆ కాయితం బీరువాలోకి పోయి హాయిగా నిద్రపోతుంది.

ఈ పనికి ఆఫీసులో ఒక పద్ధతుంది. నిరుటి ఫారం ఎదురుగా పెట్టుకుని, తేదీ మార్చి, మిగతాది దించెయ్యడం. నిరుటిది ఎలా తయారైందయ్యా అంటే, అంతకు ముందరేడుది చూసి. అన్నిటికీ మూలపురుషుడు డెబ్భైల్లో ఎవరో వేసిన సర్వే మ్యాపు. అందులో లోటన్‌పుర్ దగ్గర చెట్లగుర్తులు తప్ప ఇంకేమీ లేవు. ఆరేళ్ళుగా శేషగిరి 'కట్ట కింద జనావాసం: లేదు. రేటింగ్: లో' అని దించుతూనే ఉన్నాడు. పక్కవాడి పేపరు చూసి దించడంలో స్కూల్లోనే తనకి మంచి పేరుండేదని తనే ఒప్పుకుంటాడు.

ఆ ఏడు మటుకు చిక్కొచ్చిపడింది. ఆఫీసుకి డిజిటల్ కెమెరాలొచ్చాయి. తూము గేటు ఫొటో లేకుండా ఫారం తీసుకోబోమన్నారు. మర్నాడు పదింటికల్లా ఇవ్వాలి. శేషగిరి పొద్దున్నే ఆఫీసులో కూచుని ఫారం నింపేశాడు. సంతకం కూడా గీకేశాడు. ఇక గేటుని ఫొటో తియ్యడమే తరువాయి అనుకుంటూ బయల్దేరాడు.

మెహ్రౌలీ దగ్గర ట్రాఫిక్కు రెండు గంటలు మింగేసింది. చేరేసరికి ఏడు దాటింది. ఆఫీసు డ్రైవరు కారుని కిలోమీటరు దూరంలో, మెయిన్ గేటు దగ్గరే ఆపేశాడు. లోపలికి వస్తే టైర్లు పాడవుతాయన్నాడు. టైర్ల కోసం మనిషి మొహం అంత పాలిపోవడం శేషగిరి అంతవరకూ చూడలేదు.

కట్ట మీద జిలేసింగ్ ఉన్నాడు. కొత్త కాపలావాడు. ఆరడుగుల మనిషి, చేతిలో లాఠీ, మెళ్ళో మూడు తాయెత్తులు.

"సాబ్, ఏడున్నర దాటితే నేనిక్కడ ఉండను."

"ఏడున్నర ఎందుకయ్యా? ఐదే ఐదు నిమిషాలు. ఒక్క ఫొటో."

"నాకు ముందున్నవాడు కూడా ఐదు నిమిషాలే అన్నాడు, సాబ్."

"ఏమయ్యాడు?"

"ఘాజియాబాద్‌లో లిఫ్టు దగ్గర ఉద్యోగంలో చేరాడు. సుఖంగా ఉన్నాడు."

కట్ట మధ్యలో, నీళ్ళవైపు, ఇటుకలతో కట్టిన గుండ్రటి బావి ఉంది. తూము బావి. ఇరవై అడుగుల లోతు. అడుగున ఇనప గేటు. అక్కణ్ణించి ఒక సిమెంటు గొట్టం కట్ట పొట్టలోంచి దూరి అవతలి పక్కకి పోతుంది. దిగడానికి గోడకి ఇనప మెట్లు.

ఆరేళ్ళుగా 'గేటు పరీక్షించడమైనది' అని రాసిన శేషగిరి, ఆ గేటు మొహం చూడటానికి దిగడం అదే మొదటిసారి.

దిగాడు. తుప్పు పట్టి, నాచు చుట్టుకుపోయి, ఈ జన్మకి తిరగనన్నట్టుంది గేటు చక్రం. ఫొటో తీశాడు. ఇక ఎక్కుదామని పైన మెట్టు పట్టుకున్నాడు —

మెట్టు ఊడి చేతికొచ్చింది. దానితోపాటు రెండు ఇటుకలు. దాంతోపాటు ఇంకో రెండు మెట్లు.

లేచి చూసుకుంటే ఎముకలన్నీ ఉన్నాయి. మెట్లే లేవు. మిగిలినవి చేతికందనంత ఎత్తులో ఉన్నాయి.

"జిలేసింగ్! తాడు! తాడుందా?"

"ఉంది సాబ్, తెస్తా—"

అక్కడితో ఆ మాట ఆగిపోయింది.

ఎందుకాగిందో శేషగిరికీ వినపడింది. చిన్నగా... సన్నగా... కింద నుంచి. తన కాళ్ళ దగ్గర నుంచి.

పైన లాఠీ కిందపడ్డ చప్పుడు. తరవాత పరుగు. ఆరడుగుల మనిషి పరుగు ఎంత దూరం వినపడుతుందో శేషగిరి ఆ రోజు తెలుసుకున్నాడు. తరవాత అదీ లేదు.

చీకటి పడింది. పైన బావి నోరంత ఆకాశం... దాంట్లోంచి చినుకులు.

ఫోను తీశాడు. సిగ్నల్ లేదు. మధ్యాహ్నం ఛాయాదేవి పంపిన మెసేజ్ మాత్రం ఉంది. 'వచ్చేటప్పుడు కొత్తిమీర.' తనకి లోకం నుంచి అందిన ఆఖరి కబురు ఇదేనా అనుకుంటే ఏడుపొచ్చింది.

ఫోను లైటు వేశాడు. ఇటుకల సందుల్లోంచి నీళ్ళు జారుతున్నాయి. దిగినప్పుడు చీలమండల దాకా ఉన్నాయి. ఇప్పుడు పిక్కలు దాటాయి. ఆ నీళ్ళు గొట్టంలోంచి బయటికి పోవాలి. కానీ గొట్టం నోరు ముప్పాతికపాలు మట్టితో పూడిపోయి ఉంది. పైన జానెడు సందు... నల్లగా.

ఆ సందులోంచి వస్తోంది గొంతు.

శేషగిరి గోడకి అతుక్కుపోయాడు. తెలిసిన దేవుళ్ళందర్నీ వరసగా తలుచుకున్నాడు. భయంలో మధ్యమధ్య ఆఫీసువాళ్ళ పేర్లు కూడా కలిసిపోయాయి. నీళ్ళు మోకాళ్ళకి చేరాయి. గొంతు ఆగింది... ఎక్కడో బుడుంగుమన్న చప్పుడు... మళ్ళీ మొదలైంది.

ఈసారి వద్దనుకున్నా చెవులు వినేశాయి.

"...ఇరవై ఏడు... ఇరవై ఎనిమిది... ఇరవై తొమ్మిది... ముప్ఫై..."

శేషగిరికి ఒక్క క్షణం ఏమీ అర్థంకాలేదు. మాటలు మరీ తెలిసినవి కావడం వల్లే అర్థంకాలేదు.

తెలుగు!

హర్యానా గుట్టల్లో, కట్ట పొట్టలో, తెలుగు దెయ్యం. ఢిల్లీకి గవర్నమెంటు ట్రాన్స్‌ఫర్లు మనుషులకే ఉంటాయనుకున్నాడు ఇంతకాలం.

"...నలభై ఒకటి... నలభై రెండు... నలభై మూడు." ఆగింది. బరువైనదేదో ఎత్తి పక్కన పెట్టిన చప్పుడు. ఖాళీ బిందె రాయికి తగిలిన చప్పుడు. "ఒకటి... రెండు..."

భయంతో గడ్డకట్టుకుపోయినా, పాతికేళ్ళు ఇంజనీరుగా బతికిన బుర్ర కదా, దానంతటదే పనిలోకి దిగింది. దెయ్యానికి బిందె ఎందుకు? బిందె నిండుతోంది. అంటే కట్ట అడుగున నీళ్ళు కారుతున్నాయి. నలభై మూడు లెక్కపెట్టేలోగా బిందెడు. బొట్లు బొట్లుగా కాదు, ధార కట్టి.

కురచైపోతున్న మంత్రం. అంటే... బిందె ఏటికేడాదీ త్వరగా నిండుతోంది.

శేషగిరి వెన్నులోంచి చలి దిగింది. ఈసారి దెయ్యం వల్ల కాదు.

ఇంకో మాట కూడా తోచింది, అది ఇంకా చల్లగా ఉంది. బిందెలో నీళ్ళు పట్టుకునేది మనుషులు. ఫారం ప్రకారం అక్కడ మనుషులు లేరు.

నీళ్ళు తొడల్దాకా వచ్చాయి. గొట్టం సందు జానెడు కాస్తా బెత్తెడైంది. అది మూసుకుపోతే తన కేక కూడా లోపలే ఉండిపోతుంది. శేషగిరి వంగి, సందులో నోరు పెట్టి, శక్తికొద్దీ అరిచాడు.

"అమ్మా! ఎవరమ్మా అక్కడా? నన్ను కాపాడండి!"

అవతల బిందె దొర్లింది. ఆ వెంటనే వచ్చిన కేక ముందు తను అరిచింది దోమ పాటలా అనిపించింది.

"దయ్యమే! వో లింగయ్య బావా! గొట్టంల దయ్యం పిలుస్తున్నదే!"

"దెయ్యాన్ని కాదమ్మా! మనిషిని! ఆఫీసర్ని!"

అవతల బిందె తీసి నిలబెట్టిన చప్పుడు. ఆఫీసరంటే దెయ్యంకంటే నయమో కాదో తేల్చుకుంటున్నట్టుంది.

"...ఏ ఊరు మీది?" అంది గొంతు, దూరంనుంచే.

"తుని! తుని దగ్గర!"

"గదేడుంది?"

"అన్నవరం పక్కన తల్లీ! నీళ్ళొచ్చేస్తున్నాయి, ఊరి సంగతి పైకొచ్చాక చెప్తాను!"

"దయ్యాలు ఊరి పేరు సక్కగ చెప్పవంటరు," అంది ఆ గొంతు, కొంచెం దగ్గరికొచ్చి. "నువ్వు చెప్పినవ్. ఏడున్నవ్ సారూ?"

"తూము బావిలో. తాడు కావాలి. ముందొక మాట చెప్పు తల్లీ. నువ్వు పట్టే నీళ్ళు తేటగా ఉన్నాయా?"

"ఆదివారం దాంక తేటనే. సోమారం నుంచి ఎర్రగొస్తున్నయ్. చాయ్ లెక్క."

శేషగిరి కళ్ళు మూసుకున్నాడు. తేటనీళ్ళు కారితే కట్ట చెమరుస్తోందని అర్థం. ఎర్రనీళ్ళు కారితే... లోపలి మట్టి కరిగి వాటితో వెళ్ళిపోతోందని. కట్ట పొట్టలో పుట్టుకొచ్చిన సొరంగం అది. దానికి ఇవతల తను. అవతల ఈవిడ.

"మీరెంతమందున్నారమ్మా అక్కడ?"

"నలభై రెండు మందిమి. పదకొండు మంది పిల్లగాండ్లు. ఎందుకు సారూ?"

"నన్ను తరవాత చూద్దురుగాని. ముందు వాళ్ళని గుట్ట ఎక్కించు. ఇప్పుడే. ఏమీ సర్దుకోవద్దు."

గొట్టం సందు గులుక్కుమని మూసుకుపోయింది. జవాబు వినపడలేదు.

తను అప్పుడు అంత గొప్ప మాట ఎలా అన్నాడో శేషగిరికి ఇప్పటికీ తెలీదు. అన్న మరుక్షణమే నాలిక కరుచుకున్నాడట. నడుము దాకా నీళ్ళు. పైన వాన. కేక వేస్తే గోడలే తిరిగి తనని కేకేస్తున్నాయి. ఛాయాదేవి కూర తాలింపు వేసి కొత్తిమీర కోసం వీధిగుమ్మం వైపు చూస్తూ ఉంటుంది... ఎంతసేపు గడిచిందో. నీళ్ళు ఛాతీకి తగిలాయి.

పైన ఆకాశంలోకి ఒక తల వచ్చింది. తరవాత ఇంకోటి. తరవాత తాడు.

"సంకల కింద కట్టుకో సారూ! గట్టిగ!"

ఆరుగురు లాగారు. సగంలో ఒకసారి ఆగారు. "సారు బరువున్నడు" అన్నారెవరో. ఎవరో నవ్వారు. పైకొచ్చి బురదలో బోర్లా పడ్డ శేషగిరి, ఆ నవ్వంత చల్లటి చప్పుడు తన జీవితంలో వినలేదనుకున్నాడు.

ఆ గొంతు ఈదమ్మదని తెలిసింది. సన్నగా, తాడులా ఉంది మనిషి. పక్కన ఆమె బావ లింగయ్య, జట్టుకి పెద్ద. అందరూ పాలమూరువాళ్ళు. తరతరాలుగా దేశమంతా తిరిగి కట్టలు పోసేవాళ్ళు, కాలవలు తవ్వేవాళ్ళు. మూడేళ్ళ కింద ఫామ్‌హౌస్ ప్రహరీ పనికి కాంట్రాక్టరు తెచ్చి, సేఠ్‌కి చెప్పకుండా కట్ట కింద దించాడట. పని నడుస్తూనే ఉంది, గుడిసెలు ఉంటూనే ఉన్నాయి. తుమ్మచెట్ల అడ్డం, పైనుంచి కనపడవు. కనపడితే ఎవరైనా వెళ్ళగొడతారేమోనని వాళ్ళు దీపం కూడా పెద్దగా పెట్టరు.

పిల్లల్నీ ముసలాళ్ళనీ అప్పటికే గుట్ట మీది బండమీదికి చేర్చారు. ఆ పని అయ్యాకే తన దగ్గరికి వచ్చారు. తను చెప్పింది చెప్పినట్టే చేశారు మరి.

"ఈ లెక్కేమిటమ్మా రోజూ?" అన్నాడు శేషగిరి, పళ్ళు టకటకలాడుతుంటే.

"లింగయ్య బావ పెట్టమన్నడు."

లింగయ్య చెరువువైపు చూస్తూ అన్నాడు. "కట్టలు పోసినోళ్ళం సారూ. కారుతుంటే తెల్వదా? మాకాడ గడియారం లేదు. తట్టలందిచ్చేటప్పుడు లెక్కబెడ్తం గద, గదే ఊపుతోటి బిందె లెక్కబెట్టుమన్న. రోజూ ఒక్కటే బిందె, ఒక్కటే మనిషి. ఇరవైకి దిగిననాడు గుట్టెక్కుదమనుకున్నం."

శేషగిరి ఆఫీసు ఆరేళ్ళుగా చెయ్యని పని వీళ్ళు బిందెతో చేస్తున్నారు.

"ఇరవైదాకా ఆగదు లింగయ్యా. నీళ్ళు ఎర్రబడ్డాక లెక్కతో పనిలేదు. ఈ వానకి ఇంకో రెండడుగులు పెరిగితే ఈ రాత్రే తెగుతుంది. నేను పొద్దున్నే పోయి 'హై' అని రాస్తాను. మీ నలభై రెండు మందినీ రాస్తాను. అప్పుడు సేఠ్ కట్టని బాగుచెయ్యక చావడు—"

"వద్దు సారూ." ఈదమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. "రాయకు."

"అదేంటమ్మా!"

"మేమున్నమనే గద 'హై' అంటవ్? మేం లేకుంటె?"

"...'లో'."

"మరి సేఠు కట్టనెందుకు బాగుచేస్తడు? పొక్లెయిను పెట్టి గుడిసెలు పీకిస్తడు. ఒక్క పూట పని. ఇంకేడికి పోవాలె మేము?"

పాతికేళ్ళ సర్వీసులో శేషగిరికి తట్టని సంగతి. రేటింగ్ తగ్గించాలంటే కట్ట జోలికే పోనక్కర్లేదు. మనుషుల్ని తీసేస్తే చాలు. రాస్తే వీళ్ళకి నీడ పోతుంది. రాయకపోతే ప్రాణం పోతుంది. బావిలోంచి బయటికి లాగారు గానీ, ఇంకా అందులోనే ఉన్నట్టుంది.

వాన జోరందుకుంది. నీళ్ళు కట్ట అంచుకి చేరుతున్నాయి.

"అలుగు ఎందుకు పారట్లేదు?" అన్నాడు హఠాత్తుగా. ఎక్కువైన నీళ్ళు పక్కనుంచి పోవడానికే కదా అలుగు పెట్టేది! ఫారంలో 'అలుగు: సవ్యంగా ఉన్నది' అని రాశాడు కూడా. ఆరేళ్ళు.

లింగయ్య లాంతరు ఎత్తి ఎడంపక్క బండల్లోకి చూపించాడు. అలుగు నిండా మూడడుగుల ఇటుక గోడ. "పడవకు నీళ్ళు సాల్తలేవని సేఠు కట్టిచ్చిండు. మేమే కట్టినం."

గోడ అవతల పాత రాళ్ళ క్వారీ. తాటిచెట్టంత లోతు గుంట, ఖాళీగా నోరు తెరుచుకుని ఉంది. ఎంత నీరైనా మింగుతుంది. గుడిసెలవైపు చుక్క పోదు.

శేషగిరికీ లింగయ్యకీ ఒక్కసారే తోచింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"నాకు... గోడ పగలగొట్టే అధికారం లేదు," అన్నాడు శేషగిరి, అలవాటుకొద్దీ.

"బాయిల పడే అధికారం ఉండెనా సారూ?" అంది ఈదమ్మ.

గడ్డపారలొచ్చాయి. పలుగులొచ్చాయి. పదిహేను మంది వరసగా నిలబడ్డారు. శేషగిరి కూడా ఒక గడ్డపార పట్టుకున్నాడు. రెండు దెబ్బలు వేసి ఒకటి తన చెప్పు మీద వేసుకున్నాక, అతన్ని లాంతరు పట్టుకోమన్నారు. మొదటి వరస ఇటుకలు లేచాయి. నీళ్ళు ముందు తడుముకున్నట్టు వచ్చి, తరవాత ఉరికాయి. క్వారీ గుంటలోకి పడుతుంటే గుట్టలు ప్రతిధ్వనించాయి. ఫామ్‌హౌస్ వైపు ఎక్కడో ఒక తలుపు దఢేల్మని మూసుకుంది.

గోడ అయిపోయాక కింది మొరం మట్టి కూడా తవ్వారు. ఆడవాళ్ళు తట్టలందుకున్నారు. రాత్రంతా.

తెల్లారేసరికి వాన వెలిసింది. చెరువు ఐదడుగులు దిగిపోయి, పడవ రేవు బురదమీద గాల్లో వేలాడుతోంది. ఈదమ్మ కింద నుంచి పరిగెత్తుకొచ్చింది, చేతిలో బిందె.

"అరవై ఒకటి పట్టింది సారూ! తేటవడ్డయ్ కూడ!"

శేషగిరి అక్కడే కూలబడ్డాడు.

తరవాత కట్ట మీద వదిలేసిన సంచీ వెతికి, సంతకం చేసిన ఫారం తీసి, నాలుగు ముక్కలు చేశాడు. ఖాళీది ఒకటి తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. కలం చాలాసేపు ఆగింది. 'హై' అని రాస్తే పైవాళ్ళు ముందు అడిగేది తననే. నిరుడు ఎందుకు రాయలేదని. అంతకు ముందరేడు ఎందుకు రాయలేదని. ఇటు ఈదమ్మ చూస్తోంది.

రాశాడు. 'జనావాసం: ఉంది. నలభై రెండు మంది. రేటింగ్: హై.' కింద ఇంకో లైను, ఎవరూ అడగనిది: 'గత నివేదికలు స్థలం చూడకుండా రాసినవి.'

"రాసినవా?" అంది ఈదమ్మ, నెమ్మదిగా.

"రాశానమ్మా."

ఆమె బిందెత్తుకుని చెట్లలోకి వెళ్ళిపోయింది. ఆ నడక చూసి శేషగిరి తల దించుకున్నాడు.

ఏడింటికి సేఠ్ కారు వచ్చింది. బంపర్‌కి నిమ్మకాయ, మిరపకాయలు. కారు వెనక నక్కి జిలేసింగ్. సేఠ్ కట్ట మొదట్లోనే ఆగిపోయి చెరువుకేసి చూశాడు. నోరు తెరుచుకుంది.

"నా నీళ్ళేవి?"

"రాత్రి పోయాయి సార్," అన్నాడు శేషగిరి, తలనుంచి కాళ్ళదాకా ఎర్రమట్టితో.

"నే చెప్పలేదా సాబ్," అన్నాడు జిలేసింగ్ వెనకనుంచి. "అది తాగేసింది. ఆ చప్పుడు నేను విన్నా."

సేఠ్ వెనక్కి వెళ్ళి బంపర్‌కున్న నిమ్మకాయని గట్టిగా పట్టుకున్నాడు. శేషగిరి ఆ నిమ్మకాయకేసి చూశాడు. ఎక్కడో బుర్రలో ఒక దారి తెరుచుకుంది. అబద్ధం ఒక్కటి కూడా ఆడక్కర్లేని దారి.

"యజమాని సంతకం కావాలి సార్," అని ఫారం అందించాడు.

సేఠ్ చదివాడు. మళ్ళీ చదివాడు. "నలభై రెండా? ఇక్కడెవరూ ఉండరే!"

"నేనూ ఆరేళ్ళు అలాగే రాశాను సార్. రాత్రి కళ్ళారా చూశాను. పదకొండు మంది పిల్లలు."

సేఠ్ మొహంలో రంగు దిగిపోయింది. గొంతు గుసగుసైంది. "వాళ్ళకి... ఏం కావాలట?"

"అలుగు మీద గోడ మళ్ళీ లేవకూడదు. కట్ట బాగుచేయించాలి. కింద తమ చోటు ఎవరూ ముట్టుకోకూడదు. పొక్లెయిన్లంటే వాళ్ళకి పడదు సార్."

సేఠ్ గబగబా సంతకం పెట్టాడు. పెట్టి, అటూ ఇటూ చూడకుండా, పెదాలు మాత్రం కదిపి అడిగాడు.

"ఇప్పుడు కూడా... ఉన్నారా?"

శేషగిరి సేఠ్ భుజం మీదుగా చూశాడు. తుమ్మచెట్లు పక్కకి జరిగాయి. జుట్టు విరబోసుకుని, ఒళ్ళంతా ఎర్రమట్టితో, చంకన బిందెతో, చప్పుడు చెయ్యకుండా, ఏదో అడగడానికే కాబోలు, ఈదమ్మ వస్తోంది.

"ఉన్నారు సార్," అన్నాడు శేషగిరి. "మీరు మటుకు వెనక్కి తిరక్కండి."